గ్రో టెంటులో ఫ్యాను పగలంతా తిరుగుతున్నా లోపల ఉడికిపోతోంది, ఏం చేయాలి?

మియాపూర్_ఆకుకూరలు

నమస్కారమండీ. మాది మియాపూర్, మూడో అంతస్తు. బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా ఇంకో అపార్టుమెంటు. ఎండ పొడ కూడా పడదు. కుండీల్లో రెండేళ్లు ప్రయత్నించాను. మొక్కలు పీలగా సాగిపోవడం తప్ప ఏమీ రాలేదు. అందుకే ఈ ఫిబ్రవరిలో గ్రో టెంటు, అంటే లోపల లైటు పెట్టి మొక్కలు పెంచుకునే బట్ట గుడారం, తెప్పించాను. పొడవు 4 అడుగులు, వెడల్పు 2, ఎత్తు 5. లైటు 120 వాట్ల ఎల్ఈడీ. దాంతో పాటే 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను (గొట్టానికి బిగించి లోపలి గాలిని బయటికి తోసేది), కార్బన్ ఫిల్టరు, వెండి రంగు డక్టు గొట్టం, ఒక క్లిప్ ఫ్యాను సెట్టుగా వచ్చాయి. ఫ్యాను డబ్బా మీద 190 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 190 ఘనపుటడుగుల గాలి, అని రాసి ఉంది.

లోపల 14 లెట్యూస్ మొక్కలు, 6 బేసిల్, రెండు ట్రేలలో కొత్తిమీర. మార్చి దాకా లెట్యూస్ చాలా బాగా వచ్చింది, మా ఫ్లోరులో మూడిళ్లకూ వారం వారం పంచాను. ఏప్రిల్ సగం నుంచి అంతా తారుమారైంది.

పొద్దున పదింటికి గదిలో 30 డిగ్రీలు ఉంటే టెంటులో ఆకుల ఎత్తు దగ్గర 36 చూపిస్తోంది. లైటు ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా వెలుగుతుంది. లైటు, ఫ్యాను రెండూ ఒకే టైమరు ప్లగ్గుకు పెట్టాను. రాత్రి తేమ 88 శాతానికి వెళ్తోంది, తెల్లారి జిప్పు తీస్తే గోడలకు నీటి చుక్కలు. కొత్తిమీర నారు ఒక ట్రే మొత్తం మొదలు దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి పక్కకు ఒరిగిపోయింది. లెట్యూస్‌కు బయటి ఆకులు బాగానే ఉన్నాయి గానీ, మధ్యలో వచ్చే లేత ఆకుల అంచులు మాడుతున్నాయి. కాల్షియం లోపం అన్నారని కాల్షియం నైట్రేట్ రెండుసార్లు ఇచ్చాను. ఏం మార్పు లేదు.

టెంటు ఉన్నది 10×10 గది. మా మామయ్యగారు ఉన్నప్పుడు పెట్టించిన ఒక టన్ను ఏసీ ఉంది, ఇప్పుడు ఆ గదిలో ఎవరూ పడుకోరు, ఇస్త్రీకి వాడతాం. మధ్యాహ్నం మరీ వేడెక్కితే రెండు మూడు గంటలు ఏసీ వేస్తున్నాను. గొట్టం చివర ప్రస్తుతం టెంటు వెనక, గోడకూ టెంటుకూ మధ్య వదిలేశాను.

6 అంగుళాల ఫ్యాను కొనాలా? గొట్టాన్ని బాత్రూమ్ షాఫ్టులోకి పంపొచ్చా? ఇంత కష్టపడి పెంచిన మొక్కలు ఇలా అయిపోతుంటే పొద్దున ఆ జిప్పు తీయాలంటేనే మనసు రావడం లేదు.

ఉప్పల్_హైడ్రో

అక్కా, ముందు ఆ గొట్టం వెనక నుంచి తీసి కిటికీ బయటికి పెట్టండి. మీది స్లైడింగ్ కిటికీ అయితే పలక నాలుగైదు అంగుళాలు జరిపి, ఆ సందులో సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ షీటు) ముక్క నిలువుగా కోసి బిగించండి. దానికి 4 అంగుళాల రంధ్రం, అందులో గొట్టం. బయటి వైపు ఇనుప జాలీ తప్పనిసరి. నేను పెట్టలేదు, పది రోజుల్లో పావురం గొట్టంలో పుల్లలు పేర్చింది.

6 అంగుళాల ఫ్యాను అయితే ఇంకా మంచిది. నాకు 3×3 టెంటుకు అదే ఉంది.

బాలానగర్_డక్ట్ పని

అక్కా, కొత్త ఫ్యాను కొనకుండ్రి. నేను పదిహేనేండ్ల నుంచి ఏసీ, డక్టు పని చేస్తున్న. చెట్ల గురించి నాకు పెద్దగ తెల్వదు, మా ఇంట్ల మల్లె చెట్టు తప్ప ఏం లేదు. గాలి గురించి మాత్రం చెప్తా.

120 వాట్ల లైటు అంటే లోపల 120 వాట్ల హీటరు పెట్టినట్టే. వెలుగు కూడ చివరికి వేడే అయితది. మా పనిల ఒక మోటు లెక్క ఉంటది: ఒక్క వాటు వేడి, గంటకు 3 క్యూబిక్ మీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడి చేస్తది. 120 వాట్లంటే గంటకు 360 క్యూబిక్ మీటర్లు ఒక డిగ్రీ. మీ ఫ్యాను నిజంగ 190 సీఎఫ్ఎం లాగితే గంటకు 320 పైన అయితది, అప్పుడు టెంటుకూ గదికీ తేడా ఒక డిగ్రీ కొంచెం పైన ఉండాలె. మీకు ఆరు డిగ్రీలు చూపిస్తున్నది. అంటే గంటకు 60 క్యూబిక్ మీటర్లే పోతున్నయన్నట్టు, 35 సీఎఫ్ఎం. చెట్లు కొంత వేడిని ఆవిరి చేస్తయి, బట్ట గోడల నుంచి కూడ కొంత పోతది, అందుకే ఇది అందాజ లెక్క. కానీ 190 ఎక్కడ, 35 ఎక్కడ!

మీ టెంటు 40 ఘనపుటడుగులు. 35 సీఎఫ్ఎం అన్నా నిమిషానికోసారి లోపలి గాలి మొత్తం మారుతుంటది. చెట్టుకు కొత్త గాలి అందడానికి అది చాలు. వేడి తియ్యడానికే చాలదు. ఈ రెండూ వేరు వేరు పనులు, చాలామంది ఒక్కటే అనుకుంటరు.

మిగిలిన గాలి ఎక్కడ పోయిందో చూడాలె. డబ్బా మీద రాసేది గొట్టం, ఫిల్టరు ఏదీ తగిలించకుండ ఖాళీ ఫ్యానుకు కొలిచిన అంకె. కార్బన్ ఫిల్టరు వాసన పట్టుకోవడానికి. మీరు పెంచేది లెట్యూస్, కొత్తిమీర. వాసన ఎవరికి అడ్డం? తీసెయ్యుండ్రి, ఫ్యానుకు సగం బరువు దిగుతది. గొట్టం హార్మోనియం లెక్క ముడుచుకుని ఉంటే లోపల ప్రతి ముడతకూ గాలి తగిలి ఆగుతది. గట్టిగ సాగదీసి, మిగిలింది కోసెయ్యుండ్రి. మూల మలుపు కాకుండ పెద్దగ తిప్పుండ్రి.

ఇంక అసలు సంగతి. గాలి బయటికి పోవాలంటే లోపలికి రావాలె. కింద జాలీ కిటికీలు ఎన్ని తెరిచిన్రు? వాటి మీద ఏమన్న కట్టిన్రా? 4 అంగుళాల గొట్టం నోరు పన్నెండున్నర చదరపు అంగుళాలు. కింద లోపలికి వచ్చే దారి దానికి రెండు మూడింతలు ఉండాలె, జాలీ ఉంటే ఇంకా ఎక్కువ. ఫ్యాను నడుస్తున్నప్పుడు టెంటు గోడలు కొంచెం లోపలికి గుంజుకుంటే మంచిదే, లోపలి గాలి సందుల్ల నుంచి బయటికి కారదని అర్థం. ఆకలైన కడుపు లెక్క లోపలికి పోయినయంటే మాత్రం దానికి ఊపిరి ఆడుతలేదు.

ఒక పని చేయుండ్రి. ఊదుబత్తి ముట్టించి సీలింగ్ ఫ్యాను బంద్ చేసి, టెంటు కింద కిటికీల దగ్గర, తర్వాత గొట్టం చివర దగ్గర పట్టుకోండ్రి. పొగ ఎటు పోతుందో చూసి రాయుండ్రి. మీటరు చెప్పనిది పొగ చెప్తది.

షాఫ్టుల పెట్టకుండ్రి. అన్ని అంతస్తుల బాత్రూమ్ ఫ్యాన్లు అందులకే ఊదుతయి. మీ ఫ్యాను ఆగిన క్షణం ఆ గాలి మీ టెంటులకు తిరిగొస్తది.

వనస్థలిపురం మిద్దెతోట

అమ్మాయ్, గాలి లెక్కలు ఆ అబ్బాయి బాగా చెప్పాడు. మొక్కల సంగతి నేను చెబుతాను.

నీ కొత్తిమీరకు వచ్చింది నారుకుళ్ళు తెగులు. చచ్చిన ట్రే మట్టి మళ్లీ వాడకు, ట్రేని వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టు. ఆ తెగులుకు కావలసిందల్లా తడి మట్టి, కదలని గాలి. రెండూ నువ్వే ఇస్తున్నావు, రాత్రి ఫ్యాను ఆపేసి. లైటు ఆరగానే లోపల చల్లబడుతుంది. గాలిలో ఉన్న నీరు అంతే ఉంటుంది గానీ, చల్లబడ్డ గాలి అంత నీటిని మోయలేదు. 33 డిగ్రీల దగ్గర 50 శాతం తేమ ఉన్న గాలే 28కి దిగితే 66 శాతం అవుతుంది. దానికి తోడు కుండీల మట్టిలోంచి ఆవిరి రాత్రంతా వస్తూనే ఉంటుంది, పోయే దారి లేదు. 88 కాక ఏమవుతుంది? ఇవాళే ఫ్యాను ప్లగ్గు వేరు చెయ్. మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈ రాత్రికే చెయ్.

ఇక లెట్యూస్ అంచులు. కాల్షియం లోపమే, కానీ మట్టిలో లోపం కాదు. కాల్షియం నీటితో పాటే పైకెక్కుతుంది, నీరు ఏ ఆకు నుంచి ఎక్కువ ఆవిరవుతుందో ఆ ఆకుకే ఎక్కువ చేరుతుంది. బయటి పెద్ద ఆకులు గాలికి ఉంటాయి కాబట్టి అవి లాక్కుంటాయి. మధ్యలో ముడుచుకుని ఉన్న లేత ఆకు చుట్టూ గాలి కదలదు, అక్కడ తేమ నిండి ఉంటుంది, ఆవిరి కాదు, కాల్షియం రాదు. పైగా వేడికి మొక్క తొందరగా పెరుగుతోంది, పెరిగినంత వేగంగా అందడం లేదు. నువ్వు ఎంత కాల్షియం నైట్రేట్ పోసినా అది బయటి ఆకుల్లోకే పోతుంది. ఆ లేత ఆకు మీదికి గాలి పంపాలి.

నీ క్లిప్ ఫ్యాను ఎటు తిప్పి పెట్టావో రాయలేదు. పక్క నుంచి సూటిగా కొడితే ముందు వరస ఆకులు గరుకుగా మారి అంచులు వంకర పోతాయి, వెనక వరసకు ఏమీ అందదు. పై మూలన పెట్టి, ఎదురు గోడకు తగిలి కిందికి దిగేట్టు తిప్పు. మొక్కల మధ్యలో చూడు. ఆకు వణకాలి, కాడ వంగకూడదు. ఇంకో మాట, ఆ చోటుకు 14 మొక్కలు ఎక్కువ. 10 చాలు. ఆకులు ఒకదాని మీద ఒకటి పడితే ఏ ఫ్యానూ ఏం చేయలేదు.

మియాపూర్_ఆకుకూరలు

ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నిన్న రాత్రే ఫ్యాను వేరే ప్లగ్గుకు మార్చాను. తెల్లారి తేమ 71. గోడల మీద చుక్క లేదు!

ఇవాళ అగరుబత్తి పరీక్ష చేశాను. కింద రెండు కిటికీలు ఉంటే ఒకటే తెరిచాను ఇన్నాళ్లూ. దాని మీద పురుగులు రాకుండా పాత వాయిల్ చీర ముక్క రెండు మడతలు వేసి కట్టాను. పొగ దాని దగ్గర పట్టుకుంటే కొంచెం వంగింది, అంతే. బట్ట విప్పి చూస్తే కడుపులో దేవినట్టైంది. లోపలి వైపు ఇంకా తెల్లగానే ఉంది, బయటి వైపు మాత్రం బూడిద రంగు అట్ట. వేలితో గీస్తే గీత పడింది, దులిపితే నేల మీద సిమెంటు దుమ్ము రాలింది. పక్క ప్లాటులో జనవరి నుంచి అపార్టుమెంటు కడుతున్నారు, ఆ దుమ్మంతా ఇందులోకే వచ్చింది. బట్ట తీసేసి పొగ పెట్టగానే జాలీలోంచి దారంలా సర్రున లోపలికి పోయింది.

ఆ తర్వాత వెనక గొట్టం చివర పట్టుకున్నాను. పొగ గోడకు తగిలి, కిందికి దిగి, టెంటు అడుగున చుట్టుకుని మళ్లీ అదే కింది కిటికీలోంచి లోపలికి పోయింది. రెండోసారి, మూడోసారి చేశాను. ప్రతిసారీ అంతే. గది మీటరు ఇన్నాళ్లూ తలుపు పక్కన ఉండేది. దాన్ని టెంటు వెనక పెడితే 33 చూపించింది.

బాలానగర్_డక్ట్ పని

అయితే నా లెక్క సగమే కరెక్టు అక్కా. లోపలికి పోయే గాలే 33 ఉంటే, 36కు తేడా మూడు డిగ్రీలే. అంటే గంటకు 120 క్యూబిక్ మీటర్లు, 70 సీఎఫ్ఎం పోతున్నది. మిగిలిన మూడు డిగ్రీలు తను వదిలిన వేడి తనే పీల్చుకోవడంతోని వచ్చినయి. ఫ్యానును నేను అనవసరంగ ఎక్కువ తిట్టిన. మీరు మీటరు జరిపి చూసుడు మంచిదైంది.

బట్ట పూర్తిగ తీసేస్తే పురుగులొస్తయి. వేరే బట్ట వద్దు. దోమల జాలీ ఒకే పొర, రెండు కిటికీలకూ వేయుండ్రి. దుమ్ము ఉన్నన్ని రోజులు వారానికోసారి కడుగుండ్రి.

ఇప్పుడు ఉప్పల్ తమ్ముడు చెప్పినట్టు కిటికీ బయటికి పంపుండ్రి. కానీ ఏసీ వేసినప్పుడు మాత్రం వద్దు. ఇది కొంచెం ఓపికతో చదువుండ్రి.

మీ గది 10×10, ఎత్తు 10 అనుకుంటే వెయ్యి ఘనపుటడుగులు. ఫ్యాను 100 సీఎఫ్ఎం బయటికి తోస్తే పది నిమిషాలల్ల గదిల ఉన్న చల్ల గాలి మొత్తం బయటికి పోయినట్టే. ఆ జాగల తలుపు కింద నుంచి, కిటికీ సందుల నుంచి కొత్త గాలి వస్తది. మే నెల మధ్యాహ్నం బయట 41, మీ గది 27. ఆ వచ్చే గాలిని 14 డిగ్రీలు చల్లబరచాలంటే ఏసీ మీద ఎనిమిది వందల వాట్ల దాకా బరువు. గొట్టం గదిలనే వదిలితే మీ లైటు వేడి 120 వాట్లు, ఫ్యానుది కొంచెం. ఒక టన్ను ఏసీ మూడున్నర వేల వాట్ల వేడి తీస్తది, దానికి 120 ఒక లెక్క కాదు. చెట్ల తడి కూడ ఏసీనే గుంజి నీళ్లు చేసి బయటికి పంపుతది.

అందుకే ఏసీ ఉన్నప్పుడు గొట్టం గది లోపలికి, టెంటుకు దూరంగ, పైకప్పు దిక్కు. ఏసీ లేనప్పుడు గది కిటికీ బయటికి, ఇంటి లోపలి దిక్కు తలుపు కొంచెం తెరిచి. కూలరు ఆ గదిల పెట్టకుండ్రి. మే నెల ఎండకు గాలి ఎండి ఉంటది కాబట్టి కూలరు గదిని చల్లగ చేస్తది గానీ, ఆ తడి మొత్తం మీ టెంటులకే పోతది.

ఉప్పల్_హైడ్రో

అన్నా, ఏసీ సంగతి నాకు ఇప్పుడే అర్థమైంది. పోయిన మేలో ఏసీ వేసి, గొట్టం బయటికి పెట్టి, గది చల్లబడట్లేదని గ్యాస్ నింపించాను. గ్యాస్ తక్కువే లేదు.

అక్కా, ఇంకోటి. వేసవిలో లైటును రాత్రికి మార్చేయండి. సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా 14 గంటలు. మొక్కకు పగలూ రాత్రీ మనం లైటు వేసినప్పుడే. బయట 41 ఉన్నప్పుడు లోపల హీటరు వెలిగించడం దేనికి? ఆ గదిలో ఎవరూ పడుకోరు కదా.

మియాపూర్_ఆకుకూరలు

మూడు వారాలైంది. అందరికీ చెప్పాలని వచ్చాను.

ఫిల్టరు తీసేశాను. గొట్టం సాగదీస్తే సగమే సరిపోయింది. కిటికీకి సన్‌బోర్డు, బయట జాలీ. లైటు సాయంత్రం 6కు మార్చాను. రాత్రి పదింటికి టెంటు వెనక 30, లోపల 32. తెల్లవారుజామున 28కి కూడా దిగింది. లెట్యూస్ నాలుగు మొక్కలు తీసి పక్కింటి వాళ్ల వంటకు ఇచ్చేశాను, పది ఉంచాను. మాడిన ఆకులు అలాగే ఉన్నాయి, అవి మళ్లీ బాగుపడవు కదా. కానీ ఆ తర్వాత పుట్టిన ఆకులు, అంటే మధ్యలో వేలి గోరంత ఉన్నప్పటి నుంచి నేను రోజూ చూస్తున్నవి, ఇప్పుడు అరచేయంత అయ్యాయి. అంచు చుట్టూ ఒక్క మచ్చ లేదు. రెండు ఆకులు మాత్రం కొంచెం చేదెక్కాయి, వేడికి అనుకుంటా.

ఒక ఇబ్బంది వచ్చింది. రాత్రి ఫ్యాను హోరు గోడలోంచి పక్క ఫ్లాటు వాళ్ల పడగ్గదిలోకి వినిపిస్తోందని వాళ్లు మర్యాదగా చెప్పారు. వాళ్లకు చిన్న పాప ఉంది, నాకు చాలా బాధనిపించింది. ఏం చేయాలి? ఇంకా, జూన్‌లో వానలు మొదలయ్యాక బయటి గాలే తడిగా ఉంటుంది కదా, అప్పుడు దాన్ని లోపలికి లాగి ఏం లాభం?

బాలానగర్_డక్ట్ పని

ఫ్యాను టెంటు పైన ఇనుప కడ్డీకి క్లాంపు వేసి బిగించినట్టున్నరు. ఆ అదురు కడ్డీ నుంచి నేలకు, నేల నుంచి గోడకు పోతది. క్లాంపు తీసేసి రెండు నైలాన్ తాళ్లతోని ఉయ్యాల లెక్క వేలాడదీయుండ్రి, కడ్డీకి తగలకుండ. గొట్టాన్ని గట్టిగ గుంజి కట్టకుండ, ఫ్యాను దగ్గర కొంచెం వదులు ఉంచుండ్రి. టెంటు కాళ్ల కింద పాత యోగా చాప ముక్కలు. స్పీడు రెగ్యులేటరు ఉంటే తెల్లవారుజామున గది చల్లబడ్డంక సగానికి తగ్గించుండ్రి, అప్పుడు అంత గాలి అక్కర లేదు.

వనస్థలిపురం మిద్దెతోట

వానాకాలం గురించి. బయటి గాలి తడిగా ఉన్నా ఫ్యాను ఆపకూడదు అమ్మాయ్. గాలి కదిలితే ఆకు మీది నీటి పొర చెదిరిపోతుంది. నిలిచిన గాలిలో 75 శాతం కంటే కదిలే గాలిలో 80 శాతం నయం, నా బేసిల్ నాకు నేర్పింది అది. ఆకు అడుగున ఊదా రంగు బూజు కనబడితే ఆ ఆకును వెంటనే తీసి కవర్లో కట్టి పారెయ్, చెత్తబుట్టలో తెరిచి పెట్టకు.

నువ్వు లైటు రాత్రికి మార్చింది అప్పుడు కూడా పనికొస్తుంది, అలాగే ఉంచు. వానాకాలంలో తేమ తెల్లవారుజామునే ఎక్కువ. గది గాలి 27 డిగ్రీలు, 85 శాతం అనుకో. లైటు వేడికి లోపల 29 అయితే అదే గాలి 76కి దిగుతుంది. ఎండాకాలంలో నువ్వు తిట్టుకున్న ఆ రెండు డిగ్రీలు అప్పుడు నీ మొక్కలను కాపాడతాయి. నీళ్లు లైటు వెలగగానే పొయ్యి, ఆరబోయే ముందు పొయ్యకు. చేదెక్కిన మొక్కలు పూత కాడ వేస్తాయి, వాటిని ఇప్పుడే కోసి తినెయ్యండి.

కొత్తిమీర మళ్లీ వేశావా?

మియాపూర్_ఆకుకూరలు

వేశానండీ, పోయిన ఆదివారం. ధనియాలు చపాతీ కర్రతో రెండుగా పగలగొట్టి, రాత్రంతా నానబెట్టి, ఈసారి పలచగా చల్లాను. ఇవాళ్టికి అక్కడక్కడా మట్టి పగులుతోంది. ఫ్యానును మా వారు తాళ్లతో కట్టారు, పక్కింటావిడను పిలిచి వాళ్ల పడగ్గది గోడకు చెవి ఆనించి వినమన్నాను, ఏమీ వినపడట్లేదన్నారు. జాలీలు రెండూ కడిగి ఆరేశాను. సాయంత్రం లైటు వెలిగే ముందు బిగిస్తాను.